ఓడ గోధుమల రొట్టె

హిజ్రీ 1268, ముహర్రం 14, ఆదివారం

పొద్దున దుకాణం తెరిచి మైనం పొయ్యి మీద పెట్టానో లేదో జీలాలీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా వీధి రొట్టెల బట్టీ వాడిదే, ఇళ్ళలో పిసికిన పిండి వాడి దగ్గరే కాలుస్తారు.

"ఏం బెన్నాసర్ అన్నా, వదిన వచ్చిందా?"

రాలేదని వాడికి తెలుసు. ఏ ఇంటి పిండి ఎవరు పిసికారో రొట్టె చూసి చెప్పగలడు. మా ఇంటి రొట్టెలు మూడు నెలలుగా అక్క పిసికినవని వాడి కంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అయినా అడుగుతాడు.

"వస్తే ముందు నీకే చెబుతాలే."

"నాకు చెప్పేదేముంది? మిద్దె ఎక్కి చూడు, ఏటి అవతల రబాత్ కనిపిస్తూనే ఉంటుంది."

దీనికి నేను నవ్వాలట. నవ్వలేదు. ప్రవక్త పుట్టినరోజు మీలాదు ఊరేగింపుకి మైనపు మేడలు సిద్ధం కావాలి, వాటికి అతికే పువ్వుల రేకులు ఇంకా సగం కూడా అచ్చు తీయలేదు. వీళ్ళందరికీ నా కాపురం కావాలి.

మనుషులకి చెప్పుకుంటే సలహాలిస్తారు. అందుకే రోజూ మైనం తూకాలు రాసుకునే అలవాటు కొద్దీ ఇదీ రాస్తున్నాను. కాగితం సలహా ఇవ్వదు.

ఒకసారి వరసగా రాసి పెట్టుకుంటే నాకే మంచిది. వసంతంలో గోధుమలు వేసుకుని పోతున్న ఫ్రెంచి ఓడ ఒకటి మా సలే ఊరి ఒడ్డున ఇసుకలో కూరుకుపోయింది. ఊళ్ళో అప్పటికి యవలు కూడా దొరకడం లేదు. జనం పరిగెత్తారు. గోనెలు, బుట్టలు, అవి చాలక తలపాగాలు విప్పి మూటలు కట్టారు. నేను వెళ్ళలేదు. ఓడ పగిలినవాడి సొమ్ము నాకొద్దన్నాను. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. వీధి వీధంతా నవ్వింది. ఆ కోపంలో గడపలో నిలబడి, ఆ ఓడ గోధుమ ఒక్క గింజ నా నోట్లోకి పోయినా మెన్నానాకి తలాఖు పడినట్టే అని ఒట్టేశాను.

ఈ ఊళ్ళో కూరలో ఉప్పెక్కువైతే పెళ్ళాం మీద ఒట్టేస్తారు, గాడిద కదలకపోతే పెళ్ళాం మీద ఒట్టేస్తారు. సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. మెన్నానాకి గుర్తుంది.

వేసవి చివర ఒకనాడు బట్టీ నుంచి మా రొట్టెల పలక మీద వేరేవాళ్ళ రొట్టె వచ్చింది. తిన్నాను. అది ఓడ గోధుమో కాదో నాకు తెలియదు. గదిలో వెలుతురు లేదు. మరునాడు పొద్దున్నే ఆమె తెల్ల దుప్పటి కప్పుకుని, పడవెక్కి, రబాత్‌లో పుట్టింటికి పోయింది. పోతూ ఒకటే మాట అంది: "ఒట్టు మీది. తలాఖు పడ్డాక ఇక్కడుంటే పాపం నాది."

అంతే జరిగింది.


ముహర్రం 15

అక్క తప్ప ఎవరూ అడగలేదు. అక్క ఒక్కతే పదిమంది పెట్టు.


ముహర్రం 19, శుక్రవారం

పెద్ద మసీదులో నమాజు అయ్యాక ఫత్వా చెప్పే ముసలాయన దగ్గర కూర్చున్నాను. ఎవరో స్నేహితుడి సంగతి అని మొదలుపెట్టాను.

"మైనం బెన్నాసర్‌వి కదూ నువ్వు? నీ సంగతే చెప్పు," అన్నాడు.

చెప్పాను.

"అది ఆ గోధుమే అయితే ఒక తలాఖు పడింది. కాకపోతే పడలేదు. తిన్నది నువ్వు. నీకే తెలియాలి."

"వెలుతురు లేదండీ."

"నాలుకకి వెలుతురెందుకు నాయనా?"

చుట్టూ కూర్చున్నవాళ్ళు గడ్డాల్లో నవ్వుకున్నారు. అడిగిందానికి జవాబు చెప్పమంటే ఇలా మాట్లాడతారు, చదువుకున్నవాళ్ళు.

తరవాత కాస్త దయగానే చెప్పాడు. పడింది ఒక్క తలాఖే కాబట్టి, ఆమె మూడు నెలసరుల గడువు దాటకముందే నేను ఇద్దరు సాక్షుల ఎదుట "మెన్నానాని తిరిగి తీసుకుంటున్నాను" అంటే సరిపోతుంది. ఆమె అక్కడ ఉండనక్కర్లేదు, ఒప్పుకోనూ అక్కర్లేదు. గడువు దాటిందా, మళ్ళీ పెళ్ళి మాటలు మొదటి నుంచి, అదీ ఆమె సరేనంటేనే.

"గడువు ఎప్పుడు ముగుస్తుంది?"

"ఆమెని అడగాలి. ఆ లెక్క ఆడదాని నోటి మాటే. ఖాజీ కూడా కాదనడానికి లేదు."

ఇద్దరు సాక్షులు, ఒక్క మాట. ఎంత తేలిక అంటారు అందరూ. తిరిగి తీసుకుంటున్నానంటే తలాఖు పడిందని నేనే ఒప్పుకున్నట్టు. పడిందంటే తిన్నట్టు. ఊళ్ళో ఆ గోధుమ తినని మగవాడిని నేనొక్కడినే. తిన్నాను, కానీ అది కాదు. కాదనే అనుకుంటున్నాను. ఆమె తిరిగొచ్చి "అది ఓడ గోధుమ కాదులే" అని ఒక్క మాటంటే ఎవరికీ బాధ లేదు.


ముహర్రం 22

పడవ అల్లాల్ రబాత్ నుంచి కబురు తెచ్చాడు. నేను కబురు అడగలేదు. మెన్నానాకి చలికాలపు ఉన్ని బట్టలు కావాలట, ఇత్తడి రోలు కావాలట.

"బట్టలు సరే, రోలెందుకు? వాళ్ళింట్లో రోలు లేదా?"

"నన్నడుగుతావేంటి అన్నా? నేను పడవ నడిపేవాడిని."

యమ్నా అక్క లోపలి నుంచి అరిచింది. "రోలు అడిగిందంటే ఇక రాదని అర్థం రా! అక్కడే దంచుకుంటుంది, అక్కడే తింటుంది. ఇంకొకడికి వండిపెడుతుంది. నువ్వు ఆ మైనపు పువ్వులతో కాపురం చెయ్యి."

"నువ్వు ఊరుకో అక్కా."

"ఎందుకూరుకోవాలి? ఆ రోజు పలక మీద రొట్టె తెచ్చింది నేను. ఇది మన రొట్టె కాదు, మన వేలి గుర్తులు లేవు అని చెప్పింది మెన్నానా. విన్నావా? చెయ్యి చాపావు."

"ఆకలేసింది."

"ఊరందరికీ ఆకలేసింది. ఊరందరూ ఒట్టెయ్యలేదు."

బట్టలు పంపాను. రోలు పంపలేదు. దానికి పగులుందని, బాగు చేయించి పంపుతానని చెప్పమన్నాను. అల్లాల్ రోలు ఎత్తి, తిప్పి చూసి, కింద పెట్టాడు.


ముహర్రం 26, శుక్రవారం

ఓడ గోధుమల ఖరీదు కట్టమని ఫ్రెంచి వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు. ఈసారి గట్టిగా అడిగారట. మా ఊరి అధికారి పాషా, సుల్తాను గారికి రాశానంటాడు. సుల్తాను గారు పాషాకి రాశామంటారు. ఈ లోపల నమాజు తరవాత మసీదు ముందు చూస్తే ఊళ్ళో ఒక్కడు కూడా గోధుమ ముట్టలేదు. ఉప్పు దుకాణం సల్లామ్ అయితే అసలు ఓడనే చూడలేదట. వాడి మిద్దె మీద ఓడ తెరచాప గుడ్డ ఇప్పటికీ ఎండకి కట్టి ఉంది.

జీలాలీ నా పక్కకి జరిగాడు. "చూశావా అన్నా, ఊరంతా నీ మాటే అంటోంది. వెలుతురు లేదట."

రేకులు విరిగిపోతున్నాయి. చలి గాలికి మైనం పెళుసెక్కుతోంది. రోజంతా చేసింది సాయంత్రం మళ్ళీ కరగబెట్టాను.


ముహర్రం 28, ఆదివారం

మామ సీ ముఫద్దల్ తనంత తానే ఏరు దాటి వచ్చాడు. తివాచీల వర్తకుడు, రబాత్‌లో పెద్దమనిషి. మా గదిలో పరుపు మీద కూర్చునే ముందు చేత్తో దులిపాడు.

"చూడు అల్లుడూ. ఒకటా, రెండా చెప్పెయ్. తలాఖు పడిందంటావా, తీసుకుపో. పడలేదంటావా, ఆమె రాదు. పడ్డట్టే ఆమె అనుకుంటోంది. గడువు దాటగానే నేను వేరే సంబంధం చూస్తాను. అడిగేవాళ్ళున్నారు."

"ఎవరు?"

"నీకెందుకు?"

"పడలేదు మామా. అది మామూలు రొట్టె."

"ఏ పూట తిన్నావు?"

"మధ్యాహ్నం."

"వెలుతురు లేదన్నావట?"

"కిటికీ మూసి ఉంది."

మామ కిటికీ వంక చూశాడు. దానికి తలుపుల్లేవు. ఎప్పుడూ లేవు. వేసవిలో చాప వేలాడదీసేవాళ్ళం, ఆ మాట చెప్పేలోపల ఆయన లేచాడు.

"పొద్దు వాలేప్పటి అసర్ నమాజు వేళ దాటితే సలే వాళ్ళకి మతి ఉండదని మా ఊళ్ళో నవ్వుతారు. నీకు మధ్యాహ్నమే పోయింది."

యమ్నా అక్క ఆయనకి పుదీనా టీ ఇచ్చింది. తాగాడు. నా వైపు ఉండాల్సిన మనిషి ఇంకో గ్లాసు కూడా పోసింది.

గడువు ఎంత మిగిలిందో అడుగుదామనుకున్నాను. అడిగితే ఒప్పుకున్నట్టు అవుతుందని అడగలేదు. ఆయనా చెప్పలేదు.


ముహర్రం 30, మంగళవారం

ఓడలొచ్చాయి. ఐదు. రెండు పొగ ఓడలు, ఒకటి కోటంత ఉంది.

నేను బురుజు మీదికి వెళ్ళాల్సి వచ్చింది. సముద్రపు గాలికి ఫిరంగుల నిప్పు రంధ్రాల్లో తేమ దూరకుండా మైనం బిగించడం మా నాన్న పని, ఇప్పుడు నా పని. బిగించినవాడే తీయాలి. ఫిరంగుల పెద్ద హాజీ తాహర్ అప్పటికే పండగ జుబ్బా వేసుకుని నిలబడి ఉన్నాడు.

"తీయి, తీయి, తొందరగా తీయి. స్వాగతం చెప్పాలి."

"హాజీ, వాళ్ళు మనల్ని కొట్టడానికొచ్చారు."

"ఎందుకొచ్చారో వాళ్ళు చెబుతారు. రేవుకి ఓడ వస్తే ఫిరంగి పేల్చి మర్యాద చేయడం మన వంతు. మా తాత మానలేదు, మా నాన్న మానలేదు."

"తుపాకి మందు తక్కువుందంటున్నారు."

"పొడి మందు ఒక గది నిండా ఉంది."

ఆ గదిలో మందంతా మర్యాదకే పోయింది. పేల్చిన ప్రతిసారీ ఊళ్ళో మిద్దెల మీద ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. ఏటి అవతల రబాత్ వాళ్ళు కోట గోడ మీద బారులు తీరి చూశారు, వాళ్ళకి ఖర్చు లేని వేడుక. ఓడలు బదులివ్వలేదు. ఒక్కటి కూడా.

హాజీ నిజంగానే నొచ్చుకున్నాడు. "మర్యాద తెలియని జాతి," అన్నాడు.

మిగిలిన మందు తేమ పట్టి ముద్ద కట్టింది. దాన్ని చాపల మీద ఆరబెట్టమన్నారు. మబ్బు పట్టి ఉంది.

పడవలు ఆపేశారు.


సఫర్ 2, గురువారం

నిన్న రాయలేదు. చెవుల్లో హోరు ఇంకా పోలేదు.

బుధవారం పొద్దెక్కాక మొదలుపెట్టారు. మొదటి గుండు బురుజు గోడకి తగిలి రాళ్ళు మా మీద పడ్డాయి. రెండోది మా నెత్తి మీదుగా ఊళ్ళోకి పోయింది. ఆ తరవాత ఎవరూ లెక్కపెట్టలేదు. మా మందు కొన్నిసార్లు అంటుకుంది, కొన్నిసార్లు బుస్సుమని పొగ వదిలి ఊరుకుంది. ఊరుకున్నప్పుడల్లా హాజీ తాహర్ నా వైపు తిరిగి "మైనం సరిగ్గా తీశావా?" అని అడిగాడు. ప్రతిసారీ అడిగాడు. రంధ్రంలోకి కళ్ళు పెట్టి చూసుకోమన్నాను. నిన్నటి మర్యాదలు చేయకుండా ఉంటే ఈ గతి పట్టేది కాదని కూడా అన్నాను. ఆ మోతలో ఆయనకి వినపడలేదు, వినపడినా ఏం లాభం లేదు.

పక్క ఫిరంగి దగ్గర ఉప్పు దుకాణం సల్లామ్ చనిపోయాడు. ఎదురుగా ఉన్నాడు, గుండు అందివ్వమని చెయ్యి చాపాను, తరవాత లేడు. మొన్న శుక్రవారం వాడిని మనసులో తిట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటాక జీలాలీ, అల్లాల్ రొట్టెల బుట్ట మోసుకుని బురుజెక్కారు. బతికున్న ప్రతి ఇంటి నుంచి బురుజు మీదివాళ్ళకి రొట్టె వచ్చిందట. దాచుకున్న పిండంతా తీశారు. జీలాలీ నా చేతిలో ఒకటి పెట్టాడు. తెల్ల రొట్టె.

ఆ ఓడ గోధుమలవి తప్ప రెండేళ్ళుగా మా వీధిలో ఎవరింట్లోనూ తెల్ల రొట్టె లేదు. యవల రొట్టె బూడిద రంగులో ఉంటుంది, నోట్లో ఇసుకలా విచ్చుకుంటుంది. చీకట్లో తిన్నా తెలుస్తుంది. చేత్తో పట్టుకున్నా తెలుస్తుంది.

ఓడల మీద వాళ్ళు ఏ గోధుమల కోసం మమ్మల్ని కొడుతున్నారో ఆ గోధుమలు నా చేతిలో ఉన్నాయి. ఆకలేసింది. తిన్నాను. రెండో ముద్దకి "అదే" అన్నాను.

"ఏది అదే?" అన్నాడు జీలాలీ.

"వేసవిలో నువ్వు పంపింది."

"అదేగా నేను మూడు నెలల నుంచి..."

"ఇద్దరూ ఇటు రండి. మెన్నానాని తిరిగి తీసుకుంటున్నాను. మీరు సాక్షులు."

"ఇప్పుడా?" అన్నాడు అల్లాల్. గోడ అవతల ఏదో కూలింది.

"ఇప్పుడే. విన్నావా లేదా?"

"వినలేదు, ఇంకోసారి చెప్పు!"

నోట్లో రొట్టెతోనే ఇంకోసారి అరిచాను. పొలికేకలా వచ్చింది. హాజీ తాహర్ పరుగున వచ్చి ఎవరికి తగిలిందని అడిగాడు. ఎవరికీ తగల్లేదు, బెన్నాసర్ పెళ్ళాన్ని తీసుకుంటున్నాడని జీలాలీ చెప్పాడు.

"అయితే తిన్నాడన్నమాట!" అన్నాడు హాజీ. అంత పొగలోనూ, అన్ని గుండ్ల మధ్యా ఆయన ముఖం వికసించింది. తరవాత సందేహం వచ్చింది. "ఇప్పుడు మళ్ళీ తిన్నాడుగా. రెండో తలాఖు కూడా పడుతుందేమో?"

"ఒట్టు ఒక్కసారే తెగుతుంది హాజీ," అన్నాడు అల్లాల్. "మీ ఫిరంగి చూసుకోండి."

"జీలాలీ సాక్ష్యం చెల్లదు," అన్నాడు హాజీ. "ఇంటి రొట్టె ఇంటికి చేర్చలేనివాడు..."

"ఒక్కసారి మారిందయ్యా, ఒక్కసారి!"

ఇంతలో మా మూడో ఫిరంగి నోరు పగిలింది. అందరం కింద పడ్డాం. నాకు మోచెయ్యి చీరుకుంది, అల్లాల్‌కి ముందు పన్ను పోయింది. సాక్షులిద్దరూ బతికే ఉన్నారు. నేను లేచి ముందు చూసింది అదే.

చీకటి పడే వేళకి ఆపారు. ఇంటికొచ్చేసరికి యమ్నా అక్క మెట్ల కింద రోలు పట్టుకుని కూర్చుని ఉంది. మా మిద్దె మీద మనిషి దూరేంత కంత. దుకాణంలో ఒక మైనపు మేడ నుజ్జయింది. పెద్ద మసీదుకి కూడా గుండ్లు తగిలాయి.

"అన్నావా?" అని అడిగింది అక్క. జీలాలీ ముందే వచ్చి చెప్పిపోయాడన్నమాట.

"అన్నాను."

"మిద్దె కూలాక," అంది.


సఫర్ 3, శుక్రవారం

ఓడలు పోయాయి. మేమే గెలిచామట. డప్పులు కొడుతున్నారు. సల్లామ్‌ని, ఇంకా చాలామందిని పూడ్చి వచ్చిన దారిలోనే కొడుతున్నారు. హాజీ తాహర్‌ని భుజాల మీద ఎత్తుకున్నారు. నా మిద్దె సంగతి ఎవరికైనా చెబితే, గెలిచిన ఊళ్ళో ఇల్లు కూలితే ఏమిటంటున్నారు.

పడవలు ఇంకా లేవు.


సఫర్ 4

లేవు. ఓడలకి భయపడి పడవలు దాచిన చోటు మరిచిపోయారట. నవ్వొస్తుందా, ఏడుపొస్తుందా చెప్పలేను. అల్లాల్‌తో పోట్లాడాను. నేనన్న మాట చేరకపోతే గడువు దాటిందని మామ వేరే సంబంధం చూస్తాడని వాడికి తెలుసు. పన్ను నొప్పి అంటాడు.


సఫర్ 5, ఆదివారం

మొదటి పడవలో దాటాను. సాక్షులిద్దరినీ వెంటబెట్టుకుపోయాను. జీలాలీ బట్టీ ఆర్పి వచ్చినందుకు దారి పొడుగునా నన్ను దెప్పాడు.

సీ ముఫద్దల్ మమ్మల్ని ముంగిట్లో నిలబెట్టాడు. "గడువు దాటింది," అన్నాడు. "నడు."

నేను నడవలేదు. ఖాజీ దగ్గరికి పోతానన్నాను. నా గొంతు పెద్దదైంది. పక్కిళ్ళ వాళ్ళు బయటికొచ్చారు. పరువు కోసం ఆయనే మనిషిని పంపి ఖాజీ గుమస్తాలు ఇద్దరిని ఇంటికి పిలిపించాడు. ఒకరు ముసలాయన, ఇంకొకరు ఆయన చెప్పింది రాసేవాడు. మమ్మల్ని లోపల కూర్చోబెట్టారు. గది చివర తెర కట్టి ఉంది. తెర వెనక మెన్నానా ఉందని తెలుసు. ఆమె దగ్గిన తీరు నాకు తెలుసు.

సాక్షులు చెప్పారు. అల్లాల్ పన్ను లేని నోటితో, జీలాలీ అనవసరమైనవన్నీ కలిపి.

"ఏ వేళప్పుడు అన్నాడు?" అని అడిగాడు మామ.

"బుధవారం. మధ్యాహ్నం దాటాక."

"అసర్‌కి ముందా, తరవాతా?"

"ఆ మోతలో నమాజు పిలుపు ఎవరికి వినపడింది సీ ముఫద్దల్?"

"అసర్ తరవాత అయితే చెల్లదు. సలే వాడికి అప్పుడు మతి ఉండదు. మతి లేనివాడి మాట షరియతులో చెల్లదు."

రాసేవాడు నవ్వాపుకోలేక కాగితం మీద సిరా ఒలికించాడు. నాకు ఒళ్ళు మండింది. ముందే అన్నాను. ముందో తరవాతో నాకు తెలియదు.

ముసలి గుమస్తా తెర వైపు తిరిగాడు. "అమ్మా మెన్నానా, నీ గడువు ముగిసిందా? ముగిస్తే ఎప్పుడు?"

తెర కదల్లేదు.

"సోమవారమే ముగిసింది," అన్నాడు మామ. "మా ఆవిడ చెప్పింది."

"మీ ఆవిడ గడువు నేనడగలేదు సీ ముఫద్దల్."

బుధవారం గుండ్లు పడుతున్నప్పుడు నాకు భయం వేసింది, నిజమే. ఇంత వెయ్యలేదు. సోమవారం మేము ఓడలు కూడా చూడలేదు. సోమవారమైతే బురుజు మీద నేను అరిచింది గాలికి పోయినట్టే. ఆ సోమవారానికి ముందు రోజు, ఆదివారం, ఈయన నా గదిలో కూర్చుని అడిగాడు. నేను కిటికీ గురించి మాట్లాడాను.

"గురువారం పొద్దున ముగిసింది," అంది మెన్నానా.

"గురువారం," అన్నాడు గుమస్తా. "ఆయన బుధవారం అన్నాడు."

"అయితే ఆయన ముందే అన్నాడు."

"అమ్మాయ్! మీ అమ్మతో సోమవారం అన్నావు!"

"అమ్మ పొరబడింది నాన్నా."

"నా చెవులతో విన్నాను!"

"నా ఒంటి సంగతి మీరెందుకు విన్నారు నాన్నా?"

ముసలాయన గొంతు సవరించుకుని, "ఆమె మాటే మాట. రాయి," అన్నాడు. రాసేవాడు రాశాడు.

పడవలో ఆమె అటువైపు కూర్చుంది, నేను ఇటువైపు. ఏరు సగం దాటాక అడిగాను.

"గురువారమేనా?"

"గదిలో వెలుతురు లేదన్నారట?" అంది, నీళ్ళకేసి చూస్తూ.

"ఎవరన్నారు?"

"ఊరంతా."

అల్లాల్ తెడ్డు ఆపి వింటున్నాడు. నడపమన్నాను.


సఫర్ 6

అక్కకీ ఆమెకీ పొద్దున్నే గొడవ. రోలు ఎక్కడుండాలన్న దాని మీద. రోలుకి పగులు ఏదని మెన్నానా నన్నడిగింది.


సఫర్ 8, బుధవారం

రెండేళ్ళుగా ముఖం చాటేసిన వాన, మిద్దెకి కంత పడ్డాక వచ్చింది. పడుకునే చోటు లేదు, వండే చోటు లేదు. మైనపు రేకులన్నీ బుట్టల్లోకెత్తి మెట్ల కింద పెట్టాం. ముగ్గురం వాటి పక్కనే కూర్చున్నాం.

వాన తెరిపివ్వగానే మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాను. వీధి మధ్యలో దొరికాడు. ముందు మసీదు అన్నాడు. సరే, న్యాయమే. తరవాత పాషా గారి గుర్రాల శాల అన్నాడు. తరవాత హాజీ తాహర్ ఇంటి అరుగు, ఊరిని కాపాడినందుకు. నా ఇల్లు మీలాదు పండగ అయ్యాక చూద్దామన్నాడు.

నాకు కోపం నెత్తికెక్కింది.

"శుక్రవారం లోపల నువ్వు వచ్చి ఆ కప్పు వెయ్యకపోతే, నా పెళ్ళాం..."

వీధి ఆగిపోయింది. జీలాలీ నెత్తి మీద రొట్టెల పలకతో ఆగాడు. ఎదురింటి గుమ్మంలో ఊడుస్తున్న చీపురు ఆగింది. మా మిద్దె మీద వాన నీళ్ళు తోడుతున్న మెన్నానా కంత పక్కనే నడుం మీద చెయ్యి పెట్టుకుని, కిందికి, నా వైపు చూస్తూ నిలబడింది.

"నా పెళ్ళాం నిన్ను భోజనానికి పిలవమంది," అన్నాను.

మేస్త్రీ మధ్యాహ్నం వచ్చాడు. కడుపు నిండా తిన్నాడు. వెళ్ళేటప్పుడు తలెత్తి కంత చూసి, పెద్దదే అన్నాడు.